బాస్కెట్‌బాల్: ఒక అభిమాని మనవి

"తెలుగు పాఠాలు చెప్పుకొనే మీకు ఈ బంతి ఆటతో పనియేమి?" అని మమ్ములను అడిగిన మిత్రులు చాలమంది ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. మేము ఏ జట్టులోను ఆడినవారము కాము. మా ఎత్తు అయిదడుగుల నాలుగు అంగుళాలు. చిన్ననాడు జట్లు పంచుకొనేటప్పుడు మమ్ములను చివరకు మిగిల్చేవారు. ఒక్కొక్కసారి మిగిల్చినారన్న సంగతి కూడ మరచిపోయేవారు. అయినను ఇరవై సంవత్సరాలకు పైగా ఈ ఆటను చూస్తూ, దీని కొరకు నిద్ర మానుకొని, గెలిచినవారితో నవ్వి, ఓడినవారితో కంట తడి పెట్టిన వారము మేము. ఆ అనుభవాలలో కొన్నింటిని విద్యార్థుల ముందుంచి, వాని ఆధారంతో కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి చేయటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

అభిమానం అంటే ఏమో మన తీరవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజున వాకాడు వీధిలో నడిచేవారు నిలిచిపోతారు. మోటారు సైకిలు మీద పోయేవాడు బండి ఆపి కాలు నేల మోపుతాడు. నాట్లు వేసే ఆడవారు నడుము నిటారు చేసి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని దక్షిణపు దిక్కుకు చూస్తారు. ఆ రాకెట్టులోని ఒక్క మేకునైనా మనము బిగించలేదు. అయినను అది మబ్బును దాటిపోయేటప్పుడు మన గుండె కూడ దానితో కొంతదూరం పోయి వస్తుంది. ఇతరుల ప్రయత్నాన్ని తన ప్రయత్నంగా భావించి ఊపిరి బిగపట్టటమే అభిమానం. ఇది పనిలేనివారి పని అని తీసివేసేవారు, మనిషి తన ఇంటి గోడకు అవతల ఉన్నవారి సుఖదుఃఖాలను పంచుకోవటం ఇటువంటి చోటనే నేర్చుకొంటాడని గుర్తించరు.

ఈ ఆట మన తీరానికి వచ్చిన దారి ముచ్చటైనది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఏ. శిక్షణాలయంలో పనిచేసే జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో విద్యార్థులను కప్పు కింద ఆడించటానికి దీనిని కల్పించినాడు. పీచు పండ్ల బుట్టలు రెండింటిని పది అడుగుల ఎత్తున కొట్టించి, పదమూడు నియమాలు వ్రాసి ఆడించినాడు. మొదటి ఆట మొత్తంలో బుట్టలో పడినది ఒక్క బంతియే. అదే విద్యాలయంలో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించినాడు. మా చిన్ననాటి డ్రిల్లు మాస్టారు ఆ మద్రాసు కళాశాలలో శిక్షణ పొందినవారు. హదీసు చదివే మన పెద్దలు ఒక మాటను ఎవరి నుండి ఎవరు విన్నారన్న పరంపరను ముందుగా చూస్తారు గదా! ఆ లెక్కన చూస్తే, నైస్మిత్ గారి కాగితానికి వాకాడు ఇసుక నేలకు నడుమ ఉన్నవి నాలుగైదు చేతులే.

మా పాఠశాల మైదానంలో ఒక ఇనుప రింగు ఉండేది. ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఒక పక్కకు ఒరిగి ఉండేది. దానికి వల లేదు. వల లేనందున, బంతి రింగులోనుండి పోయినదా, పక్కనుండి పోయినదా అన్న తగవు ప్రతి సాయంకాలమూ వచ్చేది. సముద్రపు ఒడ్డు పాలెం నుండి వచ్చే మా సహాధ్యాయి ఒకడు ఈ తగవు భరించలేక ఇంటిలో చెప్పినాడు. వాని తండ్రి మరునాడు చేపల సంచి భుజాన వేసుకొని వచ్చి, చినిగిన నైలాను వలలో మంచి ముక్కను కోసి, రింగు కొలతకు అల్లి, తానే స్తంభం ఎక్కి కట్టి పోయినాడు. ఆ సాయంకాలం మొదటి బంతి ఆ వలలో పడి, ఒక్క క్షణం నిలిచి, కిందికి జారినది. తగవు తీరినది. ఆనాడు పిల్లలందరమూ వేసిన కేక మాకు ఇప్పటికీ వినబడుతున్నది. చేపను పట్టి ఉంచే వల బంతిని పట్టి విడిచిపెట్టినది. ఆడటానికి పనికిరాని మమ్ములను మాస్టారు లెక్క వ్రాయటానికి కూర్చోబెట్టినారు. గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తూ మేము అభిమానులమైనాము.

వాన పడి ఆట లేని రోజున మాస్టారు కథలు చెప్పేవారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో అమెరికా, సోవియట్ జట్ల మధ్య జరిగిన తుది పోటీని ఆయన చెప్పే తీరు మేము మరువలేము. చివరి మూడు సెకన్లను మరల మరల ఆడించటము, అమెరికా వారు గెలిచినామని ఎగిరి గంతులు వేసిన తరువాత ఆట తిరిగి మొదలు కావటము, సోవియట్ ఆటగాడు బెలోవ్ బంతిని వేయటము, 51-50తో ఫలితం తారుమారు కావటము అన్నీ చెప్పి, అమెరికా ఆటగాళ్ళు వెండి పతకాలను ముట్టుకొనలేదని ముగించేవారు. తరువాత మా వైపు తిరిగి, "ఎవరిది న్యాయం?" అని అడిగేవారు. తరగతి రెండుగా చీలిపోయేది. అప్పటికి మాలో ఎవరమూ అమెరికాను గాని, రష్యాను గాని ఎరుగము. న్యాయం తప్పిందేమో అన్న బాధను మాత్రం ఎరుగుదుము.

ఆయనే మరొకరోజు అబ్బాస్ మున్తసిర్ పేరు చెప్పినారు. బొంబాయిలోని నాగ్‌పాడా సందుల నుండి వచ్చి, భారత జట్టుకు నాయకుడై, 1970వ సంవత్సరపు అర్జున పురస్కారం పొందిన ఆటగాడు ఆయన. ఆ పేరు వినగానే వెనుక బల్ల మీద కూర్చున్న మా బోటి పిల్లల వీపు నిటారైనది. హకీమ్ ఒలాజువాన్ సంగతి మేము తరువాత చదివి తెలిసికొన్నాము. నైజీరియాలో పుట్టి, అమెరికాలోని హ్యూస్టన్ జట్టును 1994లోను, 1995లోను విజేతగా నిలిపిన ఆ ఆటగాడు రంజాన్ ఉపవాసాలు ఉంటూనే పోటీలు ఆడినాడు. 1995లో రంజాన్ నెల ఫిబ్రవరిలో వచ్చినది. ఆ నెలకు ఉత్తమ ఆటగాడుగా ఎన్నికైనది ఆయనయే. ఎండాకాలపు రోజాలలో మధ్యాహ్నం తరగతికి నీరసంగా వచ్చే విద్యార్థికి మేము ఈ సంగతి చెబుతుంటాము. చెప్పిన తరువాత వాడు కొంచెం సరిగా కూర్చుంటాడు.

ఇక మేము స్వయంగా అనుభవించిన ఘట్టాలకు వస్తాము. 2014 జూలైలో, మేము తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు విద్యార్థులముగా ఉన్న కాలంలో, చైనాలోని వూహాన్ నగరంలో ఆసియా కప్పు పోటీలు జరిగినవి. ఆ ఊరి పేరును 2020లో లోకమంతా మరొక కారణంగా విన్నది గాని, మాకు అంతకు ముందే అది ప్రియమైన పేరు. ఆ పోటీలలో భారత జట్టు చైనాను, వారి సొంత గడ్డ మీద, 65-58తో ఓడించినది. ఒలింపిక్సుకు 1980లో మాస్కోకు ఒక్కసారి మాత్రమే పోయి, అక్కడ ఆడిన ప్రతి పోటీలోను ఓడి వచ్చిన దేశం మనది. ఆ వార్త చదివి వసతిగృహపు వసారాలో మేము చిందులు వేయగా, క్రికెట్టు తప్ప మరొకటి ఎరుగని మిత్రులు మాకు మతి చలించినదనుకొన్నారు.

కాని ఆ సంతోషం పక్కనే ఒక ముల్లు ఉన్నది. అవే పోటీలలో మన జట్టులోని ఇద్దరు సిక్కు ఆటగాళ్ళను, అమృతపాల్ సింగును, అమ్‌జ్యోత్ సింగును, తలపాగాలు తీసి ఆడవలసినదిగా అధికారులు నిర్బంధించినారు. తల మీద ఏ వస్త్రమూ ఉండరాదని అంతర్జాతీయ సమాఖ్య నియమం. దేశం కొరకు ఆడటానికి వచ్చినవారు దేశం కొరకే తలపాగా తీసి ఆడినారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఇంచియాన్ ఆసియా క్రీడలకు వచ్చిన కతార్ మహిళల జట్టుకు, తల మీది వస్త్రం తీయనిదే ఆడనీయమని చెప్పగా, వారు ఆడకుండ వెనుదిరిగినారు. తీసి ఆడినవారిని చూచినా, తీయక తిరిగిపోయినవారిని చూచినా మాకు దుఃఖం ఒక్కటే. పది అడుగుల ఎత్తున ఉన్న రింగుకు బంతి ఎవరు వేసినారన్నది తెలియదు. ఆ తారతమ్యం చూచినది మనిషి మాత్రమే.

2016 జూన్ 20వ తేదీ ఉదయం మా జీవితంలో మరువరానిది. రంజాన్ నెల. మేము సెలవులకు వాకాడు వచ్చి ఉన్నాము. మా అబ్బా దర్జీ. పండుగ బట్టల పని మీద పడి ఉన్నందున సహరీ తరువాత నిద్రపోక, ఫజర్ నమాజు కాగానే మిషను ముందు కూర్చున్నారు. అయిదున్నర గంటలకు అమెరికాలో తుది పోటీ మొదలైనది. ఒకవైపు ఆ సంవత్సరం 73 పోటీలు గెలిచిన గోల్డెన్ స్టేట్ జట్టు. మరొకవైపు క్లీవ్‌లాండ్ జట్టు. క్లీవ్‌లాండ్ నగరానికి 1964 తరువాత ఏ పెద్ద ఆటలోను ఛాంపియన్ పదవి దక్కలేదు. ఏడు పోటీల వరుసలో 3-1తో వెనుకబడి, పుంజుకొని 3-3 చేసినారు. లెబ్రాన్ జేమ్స్ ఆ ప్రాంతపు బిడ్డయే. 2010లో ఊరు విడిచి పోయి నిందలు పడినవాడు. 2014లో తిరిగి వచ్చి, ఈ ఊరికి గెలుపు తెస్తానన్నవాడు.

89-89 వద్ద మా వీధిలో కరెంటు పోయినది. మిషను మోటారు కూడ ఆగినది. మేము తల పట్టుకొన్నాము. అబ్బా కత్తెర పక్కన పెట్టి, "ఏం బేటా, ఎవరిది పైచెయ్యి?" అని అడిగినారు. సమానమని చెప్పినాము. ఇద్దరమూ నల్లని తెర వైపు చూస్తూ కూర్చున్నాము. కరెంటు వచ్చేసరికి ఆట అయిపోయినది. లెబ్రాన్ వెనుక నుండి పరుగెత్తి వచ్చి బంతిని అడ్డుకొన్న ఘట్టాన్ని గాని, ఇర్వింగ్ దూరం నుండి వేసిన బంతిని గాని మేము ఆ క్షణాన చూడలేదు. మేము చూచినది ఒక్కటే. 93-89తో గెలిచిన జట్టు నాయకుడు నేల మీద బోర్లపడి చిన్నపిల్లవానివలె ఏడుస్తున్నాడు. వంటింటి గడప దగ్గర నిలిచిన మా అమ్మీ, "గెలిచి కూడ ఏడుస్తాడేమిరా?" అన్నది. అబ్బా కొంతసేపు చూచి, "ఊరికి మాట ఇచ్చి ఉంటాడు. పండుగకు ఇస్తానన్న బట్ట పండుగకు ఇచ్చిన దర్జీకి తెలుస్తుంది ఆ ఏడుపు" అని మరల మిషను తొక్కసాగినారు. బాస్కెట్‌బాల్‌ను గురించి మేము విన్న వ్యాఖ్యానాలలో ఇంతకు మించినది లేదు.

మరుసటి సంవత్సరం, 2017 మే నెలలో, అంతర్జాతీయ సమాఖ్య తన నియమాన్ని మార్చినది. ఆటగాళ్ళు, క్రీడాకారిణులు అనేకులు పట్టువిడువక అడిగిన ఫలితంగా, తల మీద తగిన వస్త్రం ధరించి ఆడవచ్చునని తీర్మానించి, ఆ సంవత్సరం అక్టోబరు 1 నుండి అమలు జరిపినది. తలపాగాకు, హిజాబుకు ఒకేసారి తలుపు తెరుచుకొన్నది. ఆ వార్తను మేము అప్పుడే పనిలో చేరిన కళాశాల నోటీసు బోర్డుకు అంటించినాము. ఎవరూ చదివినట్లు కనబడలేదు.

2020 జనవరి 26 అర్ధరాత్రి దాటిన తరువాత వచ్చిన మరొక వార్తతో ఈ వరుస ముగిస్తాము. కోబీ బ్రయంట్ అనే మహా ఆటగాడు హెలికాప్టరు ప్రమాదంలో మరణించినాడు. వయస్సు 41 సంవత్సరాలు. పక్కన పదమూడేండ్ల కుమార్తె జియానా. మొత్తం తొమ్మిదిమంది. వారు పోతున్నది ఆ పిల్ల ఆడవలసిన పోటీకి, శిక్షకుడు తండ్రియే. లోకమంతా ఆయన వేసిన బంతుల లెక్క చెప్పుకొని ఏడ్చినది. మేము మాత్రం కూతురిని ఆటకు తీసికొనిపోయే ఒక తండ్రిని తలచుకొని ఏడ్చినాము. మా అక్కచెల్లెండ్రను ఆటకు తీసికొనిపోయిన తండ్రులు మా వీధిలో ఎవరైనా ఉన్నారా అని ఆ రాత్రి ఆలోచించినాము. ఒక్కరూ జ్ఞాపకానికి రాలేదు. మా అబ్బా కూడ లేరు.

ప్రియమైన విద్యార్థులారా, ఇంతదూరం మిమ్ములను నడిపించినది మన కళాశాల వెనుక ఉన్న కోర్టు దగ్గరకు తీసికొనిపోవటానికే. సాయంకాలం మగపిల్లలు నలుగురైదుగురు అక్కడ ఆడతారు. పరీక్షల కాలంలో వారూ ఉండరు. ఆడపిల్లలు మొదటి అంతస్తు వసారాలో నిలిచి చూస్తారు. వారిలో ఒక అమ్మాయి నోటు పుస్తకం చివరి పేజీలలో ప్రతిరోజు ఆట లెక్క వ్రాస్తుంది. ఆ పుస్తకం దిద్దటానికి వచ్చినప్పుడు మేము చూచినాము. బొగ్గు గీతల నాటి మా బాల్యం కళ్ళ ముందు నిలిచినది.

గత సంవత్సరం వానలు వెలిసిన ఒక సాయంకాలం, బస్సు ఆలస్యమై, అందరూ పోయిన తరువాత ఆ అమ్మాయి కోర్టులోనికి దిగి బంతి తీసికొన్నది. మేము గ్రంథాలయపు కిటికీ నుండి చూచినాము. ఏడుసార్లు వేసినది, అయిదు పడినవి. మేము బయటికి రాగానే బంతి నేల మీద పెట్టి, తల మీది దుపట్టా సరిచేసికొని, "క్షమించండి సార్" అన్నది. "ఎందుకమ్మా క్షమాపణ?" అన్నాము. సమాధానం లేదు. మేము ఆడలేక లెక్క వ్రాసినవారము. ఆ అమ్మాయి ఆడగలిగి ఉండియు లెక్క వ్రాస్తున్నది. ఈ రెండింటికీ చాల భేదమున్నది. మ్యూనిక్ కథకు, వూహాన్ వార్తకు, లెబ్రాన్ కన్నీటికి చలించిన మా హృదయం ఆ ఒక్క క్షమాపణకు చలించినంతగా దేనికీ చలించలేదు.

ఇప్పుడు ఆ కోర్టును తీసివేసి వాహనాల షెడ్డు వేయవలెనన్న ఆలోచన ఉన్నదని వింటున్నాము. ఎండకు వానకు బండ్లు పాడైపోతున్నవన్నది నిజమే. మా బండి కూడ అక్కడే ఉంటుంది. "అక్కడ ఆడేవారు లేరు గదా" అన్నది ప్రధానమైన వాదం. పాలకవర్గ సభ్యులను మేము వినయంతో అడిగేది ఒక్కటే: ఆడాలని ఉన్నవారిలో సగంమందిని వసారాలో నిలబెట్టి, ఆడేవారు లేరనటం న్యాయమేనా? షెడ్డుకు ప్రహరీ గోడ వెంట కూడ స్థలమున్నది. కోర్టుకు మరొక స్థలం లేదు.

ఆడపిల్లల ఆటను గురించి పెద్దలకు గల సంకోచం మాకు తెలియనిది కాదు. మేమూ ఆ ఇండ్లలో పెరిగినవారమే. మర్యాదకు భంగం కలుగుతుందన్న భయం ఒకటి. ప్రపంచ సమాఖ్యయే తల మీది వస్త్రానికి అనుమతి ఇచ్చిన తరువాత ఆ భయానికి తావు చాల తగ్గినది. హజ్రత్ ఆయిషా గారు ప్రవక్త గారితో పరుగుపందెం పెట్టుకొన్న వృత్తాంతాన్ని మన పెద్దలే మనకు చెప్పినారు. చదువు చెడుతుందన్న భయం రెండవది. వసారాలో గంటసేపు నిలిచి చూచినందుకు చెడని చదువు, కిందికి దిగి గంటసేపు ఆడినందుకు చెడుతుందా? తల్లిదండ్రులు ఏమనుకొంటారోనన్నది మూడవది. వారిని పిలిచి అడుగుదాము. అడగకముందే వారి తరఫున మనము కాదనటం వారి మీద గౌరవం అనిపించుకోదు.

కావున మా మనవి ఇది. కోర్టును ఉంచవలెను. వారంలో రెండు సాయంకాలాలు ఆడపిల్లలకు ప్రత్యేకించి, అధ్యాపకురాలు ఒకరి పర్యవేక్షణలో ఆడనీయవలెను. వసారా వైపు తప్ప మిగిలిన వైపుల తడిక కట్టించిన చాలును. తుప్పు పట్టిన రింగులకు వానలకు ముందు రంగు వేయించవలెను. ఖర్చు పెద్దది కాదు. నిండు చేతుల చొక్కాలు, వదులైన పైజామాలు, జారని తలగుడ్డలు కుట్టించే బాధ్యత మాది. ఈ సంగతి అబ్బాతో చెప్పగా, మాట మధ్యలోనే టేపు తీసి, "కొలతలు ఎప్పుడు తీసికొనమంటావు?" అని అడిగినారు. ఆనాడు మా అక్కచెల్లెండ్రకు కుట్టని బట్టలు అవి. ఆ మాట ఆయన అనలేదు, మేమూ అనలేదు.

2022లో జిల్లా మారి వాకాడు తిరుపతి జిల్లాలో చేరినది. అయినను మేము నెల్లూరు వారమనే చెప్పుకొంటాము. అభిమానం కాగితాలతో మారేది కాదు. వలకు కూడ మాట తప్పలేదు. పాలెంలోని ఆ సహాధ్యాయి ఇప్పుడు తండ్రివలెనే సముద్రానికి పోతున్నాడు. రెండు రింగులకు రెండు కొత్త వలలు అల్లి ఇస్తానన్నాడు. ఇక కావలసినది పాలకవర్గం వారి ఒక్క తీర్మానం. వచ్చే సంవత్సరం ఈ సంచికలో మా వ్యాసానికి బదులు ఆ అమ్మాయి తన ఆటను గురించి తానే వ్రాయవలెనని, ఆమె నోటు పుస్తకపు చివరి పేజీలలో లెక్క వ్రాసే పని తిరిగి మాకు రావలెనని ఆశిస్తున్నాము.